ఆనింగ్ క్లీనింగ్: పనికి ఓకే, టైమ్‌కి సున్నా

బెంగళూరు మారతహళ్లిలో మా టెర్రస్‌కి ఆనింగ్ ఉంది, అంటే ఎండకి అడ్డంగా చాపి, అక్కర్లేనప్పుడు చుట్టేసే షీట్ కప్పు. మే నెల వానల్లో తడిసినదాన్ని అలాగే చుట్టేసి ఊరెళ్లిపోయాం, తప్పు మాదే, వచ్చి తెరిస్తే నల్లటి బూజు మచ్చలు, భరించలేని వాసన. క్లీనింగ్ వాళ్లకి ఫోన్ చేస్తే పదింటికి వస్తామని ఒంటిగంటకి దిగారు.

కానీ వచ్చినాయన పని తెలిసిన మనిషి (సగం కన్నడ, సగం తెలుగు, బాగానే అర్థమైంది). ముందు పొడి బ్రష్‌తో దుమ్ము దులిపి, గోరువెచ్చని సబ్బునీళ్లు చల్లి, పావుగంట నాననిచ్చి, మెత్తటి బ్రష్‌తో రెండు వైపులా రుద్దాడు. ప్రెషర్ వాషర్ పెట్టొచ్చుగా అని మావారు అడిగితే కుట్లు వదులైపోతాయి సార్ అన్నాడు. మాది వినైల్ (ఒక రకం ప్లాస్టిక్) కాబట్టి బ్లీచ్ జోలికే పోలేదు. పూర్తిగా ఆరేదాకా చుట్టనివ్వలేదు. కీళ్లకి సిలికాన్ స్ప్రే కొట్టాడు, నూనె వేస్తే దుమ్ము అంటుకుంటుందట.

మొత్తం 1,800. పాత మచ్చలు రెండు పోనేలేదు, అయినా బిల్లులో మచ్చల క్లీనింగ్ అని విడిగా 300 వేశారు, అడిగాక తీసేశారనుకోండి. నీళ్లు నిలవకుండా ముందువైపు కాస్త కిందికి వాల్చి వెళ్లాడు, పెద్ద వానైతే మూసేయమన్నాడు. బిగించినవాళ్లు ఈ ముక్క ఒక్కటీ చెప్పలేదు!