మున్నీ, కల్యాణి, గోదా: మా గుర్రానికి పేరు మార్చిన అనుభవం

మలక్‌పేట రేసుల నుంచి రిటైరైన ఆడగుర్రం ఒకటి ఏడేళ్లుగా చేవెళ్ల దగ్గర మా మామిడితోటలో ఉంటోంది. మేత ఎంత, ఖర్చు ఎంత, స్వారీకి ఎలా ఉంటుంది అన్నవి ఇక్కడ రాయడం లేదు. రేసు గుర్రాన్ని ఇంటికి తెచ్చుకున్నవాళ్లు ఎవరైనా అవి చెబుతారు. నేను చెప్పాలనుకున్నది పేరు గురించి. గుర్రానికి తన పేరు తెలుస్తుందా, మారిస్తే కొత్తది అలవాటవుతుందా అని నన్ను చాలామంది అడిగారు. తెలుస్తుంది, అలవాటవుతుంది. దాని మీద ఎక్కి తిరిగినప్పుడు కూడా నాకు అంత సంతోషం కలగలేదు. కానీ ఆ సంగతి నాకు గట్టిగా తెలిసిన రోజున దాని కాలికి పద్నాలుగు కుట్లు పడ్డాయి.

కాగితాల మీద దాని పేరు రెండు ఇంగ్లీషు మాటలు. రేసు గుర్రం పేరు మధ్యలో ఖాళీలతో కలిపి 18 ఇంగ్లీషు అక్షరాలు దాటకూడదని నియమం. అందులో ఇమిడేట్టు ఎవరో యజమాని ముచ్చటపడి పెట్టుకున్న పేరు. తెచ్చిన రోజు ఆ పేరుతోనే పిలిచాను. చెవి కూడా కదల్లేదు. పొగరు కాబోలు అనుకున్నాను. దాన్ని నాలుగేళ్లు చూసుకున్న సైస్‌కు ఫోన్ చేస్తే, "ఆ పేరు దానికెవరు చెప్పారు సాబ్? మేము మున్నీ అంటాం" అన్నాడు. రేసు రోజు మైకులో వినిపించే పేరు వేరు, తెల్లవారుజామున సాలలో మేత వేస్తూ పిలిచే పేరు వేరు. మా గుర్రానికి తెలిసింది ఆ రెండోదే. రేసుల నుంచి గుర్రాన్ని తెచ్చుకునేవాళ్లు కాగితాలతో పాటు సాలలో పిలిచే పేరు కూడా అడిగి రాసుకోండి. నాకు అది ముందే తెలిసి ఉంటే మొదటి నెల ఇద్దరికీ సుఖంగా గడిచేది.

నాలుగు కాళ్లూ గిట్టల పైదాకా తెలుపు, ముఖం మీద తెల్లని పట్టె. నాన్న చూడగానే "పంచకల్యాణిరా ఇది, ఇంటికి మంచిది" అన్నారు. అలా కల్యాణి అయింది. మూడు వారాల్లో పిలిస్తే రావడం మొదలుపెట్టింది. కనబడిన వాళ్లందరికీ చెప్పాను, మూడే వారాల్లో పేరు నేర్చుకుందని.

ఇప్పుడు ఆ మాట అంత గట్టిగా అనను. ఆ రోజుల్లో నేను పిలిచినప్పుడల్లా చేతిలో ఉడికించిన ఉలవల బకెట్టు ఉండేది. బకెట్టు పట్టీ కిర్రుమంటే గుర్రానికి వినబడదా? రెండో ఏడాదికి గానీ ఉత్తి చేతులతో పిలిచి చూడలేదు. అప్పుడూ వచ్చింది, నిజమే. కానీ నన్ను చూస్తూ వచ్చింది. 1900ల మొదట్లో బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తుందని ఊరంతా నమ్మింది. 1907లో ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే ఆయన పరీక్షించి చూస్తే, డెక్క తట్టడం సరైన అంకెకు చేరగానే ఎదుటి మనిషి తలలో, ముఖంలో తెలియకుండా వచ్చే చిన్న కదలికను పట్టుకుని ఆపేస్తోందని తేలింది. అడిగే మనిషి కనబడకుండా చేస్తే జవాబులు తప్పాయి. ఆ సంగతి చదివాక మా కల్యాణి నా మాట విని వస్తోందా, నా భుజాల కదలిక చూసి వస్తోందా అన్న అనుమానం నన్ను వదల్లేదు.

ఆ అనుమానం ఐదో ఏడాది బతుకమ్మ రోజుల్లో తీరింది. పక్క పొలాన్ని ఒక కుటుంబం కౌలుకు తీసుకుని బంతి వేసింది. వాళ్లకు తొమ్మిదేళ్ల పాప. ఆ పిల్ల పేరు కూడా కల్యాణే. పండగ ముందు పూలు కోసే హడావుడిలో పాప ఆడుకుంటూ చెరువు గట్టు దాకా వెళ్లిపోయింది. సాయంత్రం ఆరు దాటింది. తల్లి గట్టు వైపు తిరిగి "కల్యాణీ..." అని పిలిచింది.

నేను మోటారు గది దగ్గర ఉన్నాను. గుర్రం మామిడిచెట్ల కింద తల వంచి గడ్డి మేస్తోంది. మొదటి పిలుపుకే తలెత్తి చెవులు నిక్కించింది. రెండో పిలుపుకు సకిలించింది, పొద్దున నేను గేటు తీయగానే సకిలించినట్టే. మూడో పిలుపుకు దౌడు అందుకుంది. రెండు పొలాల మధ్య ముళ్లతీగ కంచె ఉంది. నేను అరుస్తూ పరుగెత్తాను. ఏమని అరిచానంటే, "కల్యాణీ" అనే. రెండు వైపుల నుంచీ అదే పేరు. ముందు కాళ్లు కంచె దాటాయి. వెనక ఎడమ కాలు తీగలో పడింది. ఒక కడీ ఊడి పక్కకు ఒరిగిపోయింది. గుర్రం ఆగలేదు, తీగను లాక్కుంటూనే బంతి సాళ్ల మధ్య నుంచి నడిచి ఆ తల్లి ముందుకెళ్లి నిలబడింది. తెల్లని కాలంతా రక్తం.

ఆమె వణికిపోతూనే దాని మెడ మీద చెయ్యి వేసింది. "అన్నా, నా బిడ్డను పిలిస్తే నీ గుర్రమొచ్చిందే" అంది. నా తువ్వాలు చాలకపోతే తన కొంగు చింపి ఇచ్చింది. రాత్రి తొమ్మిదికి డాక్టరు వచ్చి కుట్లు వేశారు. గుర్రాలకు ధనుర్వాతం భయం చాలా ఎక్కువ కాబట్టి ముందు ఆ ఇంజెక్షన్ ఇచ్చారు. మోకాలి కింద కండ ఉండదు, గాయం మానడం ఆలస్యం, పైన వద్దన్న కండ పెరుగుతుంది అని హెచ్చరించారు. అలాగే అయింది. రెండున్నర నెలలు సాలలోనే. గుర్రం ఉన్నచోట ముళ్లతీగ పెట్టడం పూర్తిగా నా తప్పు. మర్నాడే తీసేయించి నీలగిరి బొంగులు కట్టించాను.

ఆ రాత్రంతా దాని పక్కనే కూర్చున్నాను. కాలు చూస్తే ఏడుపొచ్చేది. కానీ లోపల ఇంకొకటి కూడా ఉంది. ఆమె చేతిలో బకెట్టు లేదు, ఆమె ఎవరో దానికి తెలియదు, ఆమె పిలుస్తున్నది దాన్ని కాదు, చూస్తున్నది దాని వైపు కూడా కాదు. అయినా ఆ పేరు తనదేననుకుని వెళ్లింది.

గాయం కొంచెం తగ్గి కాసేపు బయట నడిపించవచ్చు అన్నాక ఆమెనే అడిగి నాలుగు సాయంత్రాలు చూశాం. ఆమె మోటారు గది వెనక, గుర్రానికి కనబడకుండా. నేను ఇంకా దూరంగా, వీపు తిప్పుకుని. తాడు పట్టుకున్న కుర్రాడికి ఏ పేరు ఎప్పుడు వస్తుందో చెప్పలేదు. "కావేరీ...", "శ్రావణీ...", "కల్యాణీ..." అన్నీ ఒకే సాగదీతతో. కావేరికి ఒక చెవి తిరిగేది, అంతే. కల్యాణికి తల లేచి అడుగులు పడేవి. శ్రావణికి మాత్రం రెండుసార్లు మోసపోయింది. చివరి దీర్ఘం, ఆ ణకారం కలిశాయి మరి. కాబట్టి దాని మనసులో ఉన్నది మాట ఒక్కటే అనను. మాట, రాగం కలిసి ఉన్నాయి. ఇంకొకటి కూడా గమనించాను. పేరు విని కూడా ఒక్కోసారి తప్పు వైపు తిరిగి వెతికేది. శబ్దం వచ్చే దిక్కును మనిషి ఒక డిగ్రీ తేడాతో పోల్చగలడు, గుర్రానికి సుమారు 25 డిగ్రీల తేడా కావాలి. చెవులు అంతలా తిప్పే జంతువు విషయంలో ఇది నమ్మబుద్ధి కాదు కానీ, పిలిచి చూస్తే మీకే తెలుస్తుంది.

పేరు మార్చక తప్పలేదు. "నేను నా బిడ్డను బుజ్జీ అని పిలుస్తాలే అన్నా" అంది ఆమె. వద్దన్నాను. నా గుర్రం కోసం ఆ పిల్ల పేరెందుకు పోవాలి? ఇంకో కారణం కూడా ఉంది. రోజూ కట్టు మార్చేటప్పుడు "కల్యాణీ, అయిపోయింది, అయిపోయింది" అని బుజ్జగించేవాణ్ని. రెండో వారానికల్లా ఆ పేరు వినగానే చెవులు వెనక్కి వాల్చేయడం మొదలుపెట్టింది. ఐదేళ్లు ప్రేమగా పిలిచిన పేరును పది రోజుల్లో నేనే నొప్పికి గుర్తుగా మార్చేశాను.

ముందు చుక్క అని పెట్టి చూశాను. రెండు రోజుల్లో మానేశాను. స్వారీలో ముందుకు నడవమనడానికి నాలుకతో చేసే చప్పుడుకు ఆ "చు" దగ్గరగా ఉంది. పిలిస్తే ఆగి చూడకుండా కదిలిపోయేది. అప్పటికి ధనుర్మాసం వచ్చింది. తిరుప్పావై వింటూ కూర్చున్న అమ్మ "గోదా అని పిలువు" అంది. గ, ద, చివర ఆ దీర్ఘం. పాత పేరు చివర ఉన్న ణకారం, ఈ దీర్ఘం ఇందులో లేవు.

ఈసారి బకెట్టు లేదు. పేరు ఒక్కసారే చెప్పి, చెవి తిరిగితే వెంటనే చేతితో క్యారెట్ ముక్క. తిరగకపోతే మళ్లీ పిలవకుండా పక్కకు వెళ్లిపోయేవాణ్ని. కట్టు మార్చేటప్పుడు, మందు పట్టేటప్పుడు ఏ పేరూ పలికేవాణ్ని కాదు. 2010లో ఫ్రాన్స్‌లోని రెన్ విశ్వవిద్యాలయం వాళ్లు కదలకుండా నిలబడమనే ఒక్క మాటను గుర్రాలకు నేర్పారు. తిండి బహుమతిగా ఇచ్చిన గుర్రాలు ఇవ్వని వాటికంటే త్వరగా నేర్చుకున్నాయి, నెలల తర్వాత కూడా మనుషుల దగ్గరికి ఇష్టంగా వచ్చాయి. ఆ పద్ధతినే నమ్ముకున్నాను.

ఆరో రోజు ఎడమ చెవి తిరిగింది. కొత్త పేరుకు మొదటిసారి. ఆ ఒక్క చెవి కోసం అన్ని రోజులుగా ఎదురుచూశాను, అక్కడే దాని మెడ పట్టుకుని నిలబడిపోయాను. మూడో వారానికి సాలలో వెనక్కి తిరిగి గడ్డి తింటున్నా పిలిస్తే ముఖం ఇటు పెట్టేది. బయట మేస్తూ పిలుపుకు రావడానికి మాత్రం సంక్రాంతి దాటి ఇంకో రెండు వారాలు, అంటే మొత్తం ఆరు వారాలు పట్టింది. మొదటిసారి నేను గొప్పగా చెప్పుకున్న మూడు వారాలు ఉలవలవే అయి ఉండాలి.

పాత పేర్లు పోయాయా అంటే, పోలేదు. పక్క పొలంలో ఇప్పటికీ "కల్యాణీ" వినబడితే ఒక చెవి అటు వెళుతుంది. తల లేవదు, మేత ఆగదు. ముందు రోజుల్లో ఆ సమయానికి నేనే "గోదా" అని మెల్లగా పిలిచి క్యారెట్ ఇచ్చేవాణ్ని, ఇప్పుడు ఆ అవసరం రావడం లేదు. సైస్ ఒకసారి ఫోన్ స్పీకరులో "మున్నీ" అంటే పట్టించుకోలేదు. తర్వాత మనిషే వచ్చి గేటు దగ్గర నిలబడి అంటే, నేను ఏనాడూ వినని చిన్న గొంతుతో మూలిగింది. తెలిసిన మనిషి గొంతును ఆ మనిషి రూపంతో గుర్రాలు జత చేసుకుంటాయని 2012లో ససెక్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు. మున్నీ అన్న పేరు ఆ మనిషితో కలిసి దాని లోపల ఎక్కడో ఉన్నట్టుంది. దాన్ని తీసేయాలని నేనెప్పుడూ అనుకోలేదు.

కాబట్టి పేరు మార్చాలనుకుంటే మార్చండి, గుర్రం బెంగపెట్టుకోదు. పిలుపుకు దగ్గరగా వినబడే మనుషుల పేర్లు, సైగల చప్పుళ్లు చుట్టూ లేకుండా చూసుకోండి. ఆ పేరుతో ఇంజెక్షన్ ఇవ్వకండి. ఇదంతా ఒక్క గుర్రంతో, రెండు పూటలా తోటలోనే ఉండే మనిషిగా చెబుతున్నాను. గాయం వల్ల అది రెండున్నర నెలలు సాలలో నా ఎదురుగానే ఉండాల్సి వచ్చింది, ఆ సమయం కూడా కలిసొచ్చింది. ముప్పై గుర్రాలు, రోజుకో కొత్త రౌతు ఉండే స్వారీ క్లబ్బులో, నలుగురు నాలుగు రాగాల్లో పిలిచేచోట ఆరు వారాల్లో వస్తుందని నేను మాట ఇవ్వను. అక్కడ పాత పేరునే ఉంచమంటాను.