మారు తాళంచెవి తీయడం ఏ తాళానికి కష్టం, ఏది మేలు?

తలుపుకు తాళం ఎంచుకునేటప్పుడు చాలామంది దాని బరువును, లోహపు మందాన్ని చూస్తారు గాని, దాని తాళంచెవికి మారు తీయించడం ఎంత సులువో అడగరు. కొన్ని గంటలపాటు ఎవరికో అప్పగించిన తాళంచెవికి మనకు తెలియకుండా నకలు తయారైతే, తాళం ఎంత గట్టిదైనా ప్రయోజనం ఉండదు. అందుకే సాధారణ గాట్ల తాళంచెవిని, ఏటవాలు గాట్లు లేదా గుంటలు ఉన్నదాన్ని, తనలోనే కదిలే భాగం ఉన్నదాన్ని ఈ ఒక్క కోణంలో పోల్చి చూడడం అవసరం.

మొదటి రకం అమెరికా తాళాల తయారీదారు లైనస్ యేల్ జూనియర్ 1860లలో పేటెంట్ పొందిన అమరిక నుంచి వచ్చింది. తాళంచెవి దూర్చి తిప్పే గుండ్రటి భాగమైన సిలిండర్‌లో సాధారణంగా 5 లేదా 6 పిన్నుల (చిన్న లోహపు కడ్డీల) వరుసలు ఉంటాయి. ఒక్కో వరుసలో పిన్ను రెండు ముక్కలుగా ఉండి, స్ప్రింగు ఒత్తిడికి కిందికి దిగి ఉంటుంది. తాళంచెవి మీది ప్రతి గాటు తన పిన్నును సరిగ్గా కావలసినంత ఎత్తుకు లేపితే, ఆ ముక్కల మధ్య సందులన్నీ ఒకే గీతలోకి వచ్చి సిలిండర్ తిరుగుతుంది. అంటే ఈ తాళంచెవి రహస్యమంతా గాట్ల లోతును చెప్పే ఐదారు అంకెలే. నకలు తీసే యంత్రంలో అసలు తాళంచెవిని, గాట్లు లేని ఖాళీదాన్ని పక్కపక్కన బిగిస్తారు. ఒక మొన అసలు దాని గాట్ల వెంట జరుగుతుంటే, కోత చక్రం అదే కదలికతో రెండోదాన్ని కోస్తుంది. పని నిమిషాల్లో ముగుస్తుంది. (నకలుకు నకలు తీస్తూ పోతే చిన్న చిన్న తేడాలు పేరుకుని తాళం పట్టేస్తుంది కనుక, ఎప్పుడూ అసలు దాని నుంచే తీయించాలి.) అసలు తాళంచెవి చేతికి చిక్కనక్కరలేదు కూడా. 195 అడుగుల దూరంలో, భవనం పైకప్పు మీద నుంచి తీసిన ఫోటోతోనే గాట్ల లోతులను లెక్కగట్టవచ్చని శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో చూపించారు.

రెండో రకంలో మెడెకో తాళాలు మంచి ఉదాహరణ. వాటి గాట్లకు లోతుతో పాటు ఏటవాలు కూడా ఉంటుంది. పిన్ను సరైన ఎత్తుకు లేవడమే కాక సరైన కోణానికి తిరగాలి, అప్పుడే పక్కనున్న అడ్డుకడ్డీ లోపలికి జరిగి దారి ఇస్తుంది. గాట్లను నిటారుగా మాత్రమే కోసే యంత్రం ఇక్కడ పనికిరాదు. వెడల్పు ముఖం మీద గుంటలున్న తాళంచెవుల సంగతి వేరు: చూడడానికి అవి క్లిష్టంగా కనిపించినా, గుంటలు తొలిచే యంత్రాలు ఇప్పుడు చాలాచోట్ల ఉన్నాయి కాబట్టి, గుంటలను మాత్రమే చూసి నమ్మడం సరికాదు. పైగా ఆకారం ఎంత క్లిష్టమైనా అది కొలిచి రాసుకోగల సమాచారమే. ష్లేగ్ సంస్థవారి ప్రైమస్ అనే అధిక భద్రత గల తాళం తాళంచెవిని కంప్యూటర్ నమూనాగా మార్చి త్రీడీ ముద్రణతో తయారు చేయవచ్చని అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయ విద్యార్థులు ఇద్దరు 2013లో చూపించారు.

మూడో రకం ఈ బలహీనతకు కొంతవరకు జవాబిస్తుంది. మల్-టి-లాక్ ఇంటరాక్టివ్ తాళంచెవిలో ఒక చిన్న ముక్క కదులుతూ ఉంటుంది. ఏకముక్క లోహాన్ని కోసి ఆ కదలికను తెప్పించలేం. ఎవ్వా సంస్థ ఎం.సి.ఎస్. తాళంచెవిలో అయస్కాంతాలు పొదిగి ఉంటాయి, వాటి ధ్రువాలు ఏ దిక్కుకు ఉన్నాయో ఫోటోలో కనిపించదు.

అయితే నా దృష్టిలో యంత్రాంగం కన్నా బలమైన అడ్డు ఖాళీ తాళంచెవి దొరకకపోవడం. దాని ఆకృతికి పేటెంట్ ఉంటే ఇతరులు దాన్ని చట్టబద్ధంగా తయారు చేసి అమ్మలేరు. అధీకృత విక్రేత తాళంతో పాటు యజమానికి ఇచ్చిన కార్డు చూశాకే నకలు ఇస్తాడు. పేటెంట్ సాధారణంగా దరఖాస్తు నాటి నుంచి 20 ఏళ్లకు ముగుస్తుంది, ఆ తరువాత ఖాళీవి ఎవరైనా చేయవచ్చు. కనుక కొనేముందు ఆ గడువు ఎప్పటితో తీరుతుందో తప్పక అడగాలి. తాళంచెవి మీద ‘నకలు తీయరాదు’ అని చెక్కించినంత మాత్రాన కోసేవారి చేయి ఆగదు.

తాళంచెవి పలువురి చేతులు మారే ప్రధాన ద్వారానికి, పేటెంట్ గడువు మిగిలి ఉన్న మూడో రకమే మేలు. ఖర్చు ఎక్కువ, ఒకటి పోతే కొత్తది రావడానికి రోజులు పట్టవచ్చు, కార్డును భద్రంగా దాచుకోవాలి. ఆ తలుపు విషయంలో ఈ ఇబ్బందులు భరించదగినవే. అంత పెట్టలేనివారు గుంటల తాళం కన్నా ఏటవాలు గాట్లదాన్ని ఎంచుకోవడం మంచిది. లోపలి గదులకు సాధారణ తాళం చాలు; దాని తాళంచెవి ఎవరి చేతికైనా చిక్కిందన్న అనుమానం వస్తే, తాళమంతా మార్చకుండా లోపలి పిన్నులు మార్పించి కొత్త తాళంచెవి తీసుకుంటే పాత నకళ్లన్నీ ఒక్కసారిగా పనికిరాకుండా పోతాయి.