అలర్జీ రక్తపరీక్ష బుక్ చేసే ముందు ఇది చదవండి, ముఖ్యంగా చిన్నపిల్లలున్నవాళ్లు

"మాలిక్యులర్ అలర్జీ టెస్ట్, కాస్త రక్తంతో అసలు కారణం తెలుసుకోండి" అని ఫోన్ తెరిస్తే చాలు కనపడే ఆ యాడ్ మీరూ చూసే ఉంటారు. ఆ ల్యాబే. పేరు రాస్తే పోస్టు తీయించేస్తారు కాబట్టి రాయట్లేదు, హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. ఇందాకే వాళ్ల సెంటర్ నుంచి వచ్చాను, ఇంకా ఒళ్లు మండుతోంది, వరస తప్పితే ఏమీ అనుకోకండి.

మా వాడికి ఏడేళ్లు. పల్లీ చట్నీతో ఇడ్లీ తిన్న కాసేపటికే పెదాలు వాచి ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. అలర్జీ డాక్టర్‌కి చూపిస్తే, దద్దుర్లు వస్తూ పోతూ ఉన్నాయి కాబట్టి సెట్రిజిన్ ఆపలేం, ఆ మందు వాడుతుంటే చర్మం మీద గుచ్చి చూసే పరీక్ష సరిగా రాదు, రక్తపరీక్షకి ఆ ఇబ్బంది లేదు, అది చేయించండమ్మా అన్నారు. చీటీ మీద రాసి కూడా ఇచ్చారు: పల్లీ ఐజీఈ, అరా హెచ్ 2. ఐజీఈ అంటే అలర్జీ ఉన్నప్పుడు రక్తంలో కనపడే యాంటీబాడీ, అరా హెచ్ 2 అంటే పల్లీలో ఉండే ఒక ప్రోటీన్. పల్లీలో చాలా ప్రోటీన్లుంటాయి, పిల్లాడి రక్తం వాటిలో దేని మీద ఎగబడుతోందో చూడటమే ఈ మాలిక్యులర్ పరీక్ష. అరా హెచ్ 2 మీద అయితే ప్రాణం మీదికి తెచ్చే రియాక్షన్‌కి అవకాశం ఎక్కువ. చాలా మొక్కల్లో ఉండే ప్రొఫిలిన్ లాంటిదాని మీద మాత్రమే అయితే ఎక్కువమందికి నోటి దురదతో పోతుంది, కొందరికి అదీ ఉండదు. గుడ్డుకీ ఇలాంటి లెక్కే ఉందట, ఓవోమ్యూకాయిడ్ అనే ప్రోటీన్ వేడికి లొంగదు, దాని మీద లేకపోతే కేకులో బాగా ఉడికిన గుడ్డు చాలామంది పిల్లలకు పడుతుంది. పరీక్ష మంచిదే, దాన్ని ఏమీ అనట్లేదు.

చీటీ ఫొటో తీసి ల్యాబ్‌కి వాట్సాప్‌లో పెట్టాను. "ఇదే మేడమ్, ఇంకా అడ్వాన్స్‌డ్, రెండొందల పైచిలుకు ఐటమ్స్ వస్తాయి, ఈ రోజు బుక్ చేస్తే 12,800 మాత్రమే" అంది ఆ అమ్మాయి. డాక్టర్ రాసింది రెండు ముక్కలైతే రెండొందలు దేనికమ్మా అని అడగని నా తెలివికి ఏనుగెక్కించి ఊరేగించాలి.

రిపోర్టు అంటే రిపోర్టు కాదు, పెళ్లి ఆల్బమ్‌లా నిగనిగలాడే పుస్తకం. ఎర్ర రంగులో పాలు, గోధుమ, గుడ్డు, కందిపప్పు, అంటే వాడు రోజూ తినేవన్నీ. పచ్చ రంగులో, నవ్వే బొమ్మ పక్కన, పల్లీ! మళ్లీ డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరికేదాకా వాడికి పప్పన్నం కూడా బంద్. ఎవరిదో పుట్టినరోజుకి వెళ్తే కేకు ముక్క చేతిలో పట్టుకుని తినొచ్చా అన్నట్టు నా మొహంలోకి చూశాడు, వద్దని తల ఊపాను. ఇది ఒకెత్తు. మా అత్తగారు "రిపోర్టులో పచ్చగానే ఉందిగా" అని పల్లీపట్టీ విరిచి వాడి చేతిలో పెట్టబోయారు. నేను అక్కడే ఉండబట్టి సరిపోయింది. ఆవిడ తప్పేముంది, పుస్తకంలో ఉన్నదే నమ్మారు.

డాక్టర్ ఆ పుస్తకాన్ని వెనక నుంచి తిప్పి, చివరి పేజీలో చీమ తలకాయంత అక్షరాల కింద పెన్నుతో గీత గీశారు. ఐజీజీ4. ఐజీఈ కాదు. మనం తరచుగా తినే తిండికి ఒంట్లో మామూలుగా తయారయ్యేది ఈ ఐజీజీ4, అలర్జీ ఉందనడానికి గుర్తు కాదు, దీంతో తిండి అలర్జీ తేల్చకూడదని యూరప్ అలర్జీ డాక్టర్ల అకాడమీ 2008లోనే చెప్పిందట. రోజూ తినేవి ఎర్రగా రావడం, ఆ రోజు నుంచీ ముట్టని పల్లీ పచ్చగా ఉండటం, దీన్నిబట్టే అర్థం చేసుకోండి.

రిపోర్టు పట్టుకుని సెంటర్‌కి వెళ్లాను. కౌంటర్ వెనకాల ఉన్న మేనేజర్ కుర్చీలోంచి లేవకుండానే, "మేడమ్, ఐజీఈ, ఐజీజీ, ఒక్క అక్షరమే కదా తేడా" అన్నాడు. నిజంగా అదే మాట, నవ్వుతూ. పల్లీ తిని మూతి వాచిన పిల్లాడికి పల్లీ తినొచ్చని రాసిచ్చారు బాబూ అంటే, "మీరేమైనా డాక్టరా?" డాక్టర్ చీటీ మీకు పంపాను కదా అంటే, "మాకు రోజుకి వందల మెసేజ్‌లు వస్తాయి మేడమ్, అన్నీ చదువుతామా." చుట్టూ చంటిపిల్లలతో కూర్చున్నవాళ్లంతా వింటున్నారు, ఆ మనిషికి ఇసుమంతైనా బెరుకు లేదు. సరే, నా బిల్లులో ఒక సున్నా ఎక్కువుంది, ఒక్క అంకే కదా, తీసేసి మిగతాది ఇచ్చెయ్ అన్నాను. "సిస్టమ్ ఒప్పుకోదు" అట. పైగా, మీకు ఇబ్బంది అయింది కాబట్టి మా డైటీషియన్ ప్యాకేజీ సగం ధరకే ఇస్తాం అని బ్రోచర్ నా వైపు తోశాడు! సగం ధరకి మా వాడికి ఇంకా ఏం మాన్పించాలని ఉందో.

డబ్బు వెనక్కి ఇవ్వం అన్నారు. కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను, చూద్దాం.

మీరు ఎక్కడ చేయించినా సరే, డబ్బు కట్టేముందు ఐజీఈనా ఐజీజీనా, ఏయే ప్రోటీన్లు చూస్తారు అని రాతలో అడిగి తెప్పించుకోండి. అసలైన ఐజీఈ పరీక్షలో పాజిటివ్ వచ్చినా, తిన్నప్పుడు ఏమీ కాని వస్తువుని రిపోర్టు చూసి మాన్పించకండి, డాక్టర్‌ని అడగండి. రియాక్షన్ వచ్చిన వస్తువైతే ఇంట్లో పెట్టి చూడొద్దు, అది ఆసుపత్రిలో వాళ్ల కళ్ల ముందు చేయాల్సిన పని. బుకింగ్ చాట్ మాత్రం డిలీట్ చేయకండి, ఫిర్యాదుకి అదే అడిగారు.