మా పిల్ల బడిలో వ్యాపారం క్లాసు: కిరాణా కొట్టువాడి రివ్యూ, 5కి మూడున్నర

ముందే చెప్తున్నా, నేనేం పెద్ద చదువుకున్నోణ్ణి కాదు. ఇంటర్ సీఈసీ సగంలో వదిలేసి నాన్న కొట్టులో కూర్చున్నా, తెనాలి పక్క ఊళ్లో 22 ఏళ్లుగా కిరాణా నడుపుతున్నా. అందుకే మా అమ్మాయి, 9వ తరగతి, జడ్పీ హైస్కూలు, వచ్చి "నాన్నా మాకు శనివారం శనివారం బిజినెస్ క్లాస్ అంట" అంటే నవ్వొచ్చింది. ఇంట్లో కొట్టు పెట్టుకుని బడికెళ్లి నేర్చుకోవడమేంటే అన్నా. 12 వారాలైపోయాయి, మొన్న స్టాల్ కూడా పెట్టారు, ఇప్పుడు నవ్వట్లేదు గానీ కొన్ని మాటలు చెప్పాలి. నడిపింది ఓ స్వచ్ఛంద సంస్థ వాళ్లు, పేరు ఎందుకులెండి, కుర్రాళ్లు మంచోళ్లే.

ఇది కొత్త సంగతేం కాదు. ఢిల్లీ గవర్నమెంట్ బడుల్లో 2019లోనే 9 నుంచి 12 దాకా ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్ మైండ్‌సెట్ కరికులమ్ అని, అంటే వ్యాపారం చేసే ఆలోచన నేర్పే పాఠాలు, పెట్టారు, 2021లో బిజినెస్ బ్లాస్టర్స్ పేరుతో 11, 12 పిల్లలకి తలా 2 వేలు ఇచ్చి జట్లుగా కలిసి ఏదో ఒకటి చేసి చూపించండ్రా అన్నారు. 2025లో అక్కడ ప్రభుత్వం మారాక నీవ్ అని కొత్త పేరుతో ఇంకోటి తెచ్చారు, మన దేశంలో స్కీము కంటే ముందు బోర్డు మారుతుంది కదా. తెలంగాణలో 2020లో స్కూల్ ఇన్నోవేషన్ ఛాలెంజ్ అని పిల్లల ఐడియాల పోటీ మొదలుపెట్టారు, మన దగ్గరా గవర్నమెంట్ బడుల్లో 9వ తరగతికి ఇలాంటి మైండ్‌సెట్ ప్రోగ్రామ్ ఉంది. వీటన్నిట్లో నాకు నచ్చింది ఢిల్లీ వాళ్ల 2 వేలు. చేతిలో డబ్బు పెట్టకుండా వ్యాపారం చెప్పడమంటే గట్టు మీద కూర్చోబెట్టి ఈత నేర్పడమే. మా వాళ్ల క్లాసులో జట్టుకి వెయ్యి ఇచ్చారు, అయిదుగురికి కలిపి, పర్లేదు.

మొదటి నాలుగు వారాలు మాత్రం బోరు. నువ్వెవరు, నీ బలమేంటి, నీ కల ఏంటి, చార్టు మీద చెట్టు బొమ్మ గీసి ఆకుల మీద రాయడం. ఆ పీపీటీలో మాటలన్నీ ఇంగ్లీషువే, పిల్లలు బట్టీ కొట్టేశారు. మా పిల్ల ఓ రోజు అన్నం తింటా "వాల్యూ ప్రపోజిషన్" అంది. అంటే ఏంటమ్మా అన్నా. "మన దగ్గరే ఎందుకు కొనాలి అనేది నాన్నా" అంది. మరి అదే ముక్క తెలుగులో రాసుంటే పోయేదిగా, ఆ పక్క బెంచీ పిల్లక్కూడా అర్థమయ్యేది.

అయిదో వారం నుంచి దారిలో పడింది. ఒక్కొక్కళ్లు 20 మందిని అడిగి రావాలి, సాయంత్రం నాలుగింటికి మీకేం తినాలనిపిస్తుంది, ఎంతదాకా పెడతారు అని. మా పిల్ల చుట్టాలొస్తే వంటింట్లోంచి బయటికి రాదు, అలాంటిది నోట్‌బుక్ పట్టుకుని ఆటో స్టాండుకెళ్లి నిలబడింది, నేను కొట్టులోంచి చూస్తానే ఉన్నా. ఆటోవాళ్లేమో బజ్జీలు తిని తిని గ్యాస్ పడుతోందమ్మా, నూనె లేంది ఏదైనా పెట్టు, 15 దాటితే టీ తాగి ఊరుకుంటాం అన్నారంట. ఎవరో నేర్పితే వచ్చేది కాదండీ ఇది, ఈ ఒక్క పనికే రెండు స్టార్లు ఇచ్చేస్తా. నేను 22 ఏళ్లలో ఒక్కసారి కూడా ఎవర్నీ అలా అడగలేదు, సరుకు తెచ్చి పెట్టడం, పోతే పోయింది లేకపోతే లేదు.

దాంతో జట్టంతా కలిసి పిడత కింద పప్పు అని తేల్చుకున్నారు. గుంటూరు పట్నంబజారుకి నాతోపాటు తీసుకెళ్లా, బస్తా రేటుకీ విడిగా కేజీ రేటుకీ తేడా చూసి నోరెళ్లబెట్టింది.

స్టాల్ రోజు అసలు కథ. ఆ పిల్లల దగ్గర సొంత యూపీఐ ఎక్కడిది, మా కొట్టు క్యూఆర్ ప్రింటు తీసి అతికించుకున్నారు. సౌండ్ బాక్సేమో నా గల్లా పెట్టె పక్కనుంది. మధ్యాహ్నం కొట్లో ఈగ కూడా లేదు, అది మాత్రం పదిహేను రూపాయలు అందాయి, ముప్పై రూపాయలు అందాయి అని అరుస్తానే ఉంది. పప్పు కొనడానికొచ్చిన ముసలావిడ ఎవరయ్యా ఇచ్చేది అని చుట్టూ చూసుకుంది పాపం. అక్కడ పిల్లలకేమో డబ్బు పడిందో లేదో తెలీక ప్రతి కప్పుకీ మాస్టారి ఫోన్లోంచి నాకు ఫోను.

60 కప్పులు అమ్మారు, 15 చొప్పున 900. ఖర్చు మరమరాలు, శెనగలు, వేరుశెనగ గుళ్లు, కారప్పూస, పేపర్ కప్పులు కలిపి 720. లాభం 180 అని షీట్లో రాసి కింద నవ్వు బొమ్మ వేసుకున్నారు, క్లాసు చెప్పే మెంటర్ కుర్రాడు టిక్కు కూడా పెట్టాడు. రాత్రి నేను కూర్చోబెట్టి అడిగా, ఉల్లిపాయలేవే? మన కొట్లోవి నాన్నా. నిమ్మకాయలు? మన కొట్లోవే. గుళ్లు వేయించిన నూనె? ఇక మాట్లాడలేదు. అవి 145. అంటే మిగిలింది 35. ఇంకా ఉంది. ప్రెజెంటేషన్ కోసమని చార్టులూ కలర్ ప్రింట్లూ 250, అది ఎవరి జేబులోంచి పోయిందో అది ఏ షీట్లోనూ లేదు. లెక్క కలిపితే 215 నష్టం, అయిదుగురు ఆడపిల్లలు రెండ్రోజులు పడ్డ చాకిరీకి కూలి వెయ్యకుండానే. పైగా నాలుగు కప్పులు అరువు. తీసుకుంది ఎవరో కాదు, బళ్లో పెద్దలే.

నా గొడవంతా ఇక్కడే. 12 వారాల్లో ఖర్చు మీద ఒకే ఒక్క పేజీ ఉంది. అరువు అనే మాటే లేదు. అరువు లేకుండా మన ఊళ్లలో ఏ వ్యాపారం ఉందండీ? ఎవరికివ్వాలి, ఎంతదాకా ఇవ్వాలి, మొహం చెడకుండా ఎట్టా వసూలు చెయ్యాలి, కొట్టు నిలబడేదీ మునిగేదీ అక్కడే. తిండి అమ్మాలంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ, అదే ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ, దాని రిజిస్ట్రేషన్ ఉంటుందని, చిన్న వ్యాపారాలకి ఏడాదికి వంద రూపాయల ఫీజేనని చెప్పలేదు. చిన్న వ్యాపారాలకి లోన్లిచ్చే కేంద్రం ముద్ర స్కీములో శిశు కింద తనఖా లేకుండా 50 వేల దాకా లోను ఉందని చెప్పలేదు, అది 2015 నుంచి ఉంది. 8వ తరగతి లెక్కల పుస్తకంలో లాభనష్టాలు ఉన్నాయి కదా, ఆ లెక్కల మాస్టార్ని తెచ్చి ఈ క్లాసులో కూర్చోబెట్టినా సగం పని అయిపోయేది.

ఇంతకీ ఫస్ట్ ప్రైజు ఎవరికొచ్చిందంటారు? డ్రోనుతో ఇంటింటికీ పాలు పోసే యాప్ ఐడియాకి. ఒక్క రూపాయి అమ్మలేదు, థర్మాకోల్ డ్రోను మాత్రం బాగా చేశారు. ఐడియాలకి వేరే చోటు ఉందండీ, పిల్లలు కొత్త వస్తువులు చేసి చూసుకోడానికి కేంద్రం బడుల్లో పెట్టే అటల్ టింకరింగ్ ల్యాబులు ఉన్నాయి, ఎంపికైన బడికి 20 లక్షల దాకా గ్రాంటు ఇస్తారు, డ్రోన్లు అక్కడ ఎగరెయ్యండి. వ్యాపారం క్లాసులో ప్రైజు అమ్మినోళ్లకి ఇవ్వాలి, నష్టపోయినా సరే, ఎందుకు పోయిందో చెప్పగలిగినోళ్లకి ఇంకా ముందు ఇవ్వాలి. మా పిల్ల జట్టుకి పార్టిసిపేషన్ సర్టిఫికెట్. నా కూతురని చెప్పట్లేదు, సరే కొంచెం అందుకే చెప్తున్నా.

మీ పిల్లల బడికి ఇలాంటిది వస్తే చేర్పించాలా అంటే, చేర్పించండి, ఆలోచించొద్దు. కాకపోతే షీటు ఇంటికి తెప్పించి మీరొకసారి చూడండి. బడి వాళ్లకి నాదొక మనవి, 2020 విద్యా విధానంలో 6 నుంచి 8 దాకా పుస్తకాల సంచీ లేకుండా పది రోజులు చేతిపనుల వాళ్ల దగ్గర గడపమని ఉంది కదా, 9వ తరగతి వాళ్లని కూడా అందులో కలిపి ఒక్క రోజు మా కొట్టుకి పంపండి. ఖాతా పుస్తకం తెరిచి చూపిస్తా, ఫీజు వద్దు. సాయంత్రానికి రెండు కేజీల పంచదార పొట్లాలు కట్టిపెడితే చాలు.

మూడున్నర ఎందుకంటే, ఆటో స్టాండుకి రెండు, వెయ్యి రూపాయలు నిజంగా చేతికిచ్చినందుకు ఒకటి, మెంటర్ కుర్రాళ్లు ఎండలో బస్సెక్కి ప్రతి శనివారం వచ్చినందుకు అర.

అప్‌డేట్: నాలుగు అరువు కప్పుల్లో మూడింటి డబ్బులు సోమవారమే వచ్చేశాయి, మా పిల్ల నోట్‌బుక్ తీసుకుని స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడిందంట. నాలుగో ఆయన నిన్న 20 నోటు ఇచ్చారు. చిల్లర లేక ఆ 5 రూపాయలు ఇప్పుడు ఈవిడే ఆయనకి బాకీ.