ఫిజియాలజీ వీడియో కోర్సు: నాలుగు నెలలు వాడాక

నర్సింగ్‌లో చేరడానికి ముందు అనాటమీ, ఫిజియాలజీ పాసవ్వాలన్నప్పుడు నాకు పెద్ద భయమేమీ వేయలేదు. ఎముకలు 206, కపాల నాడులు 12 జతలు, ఇలాంటివన్నీ బట్టీ పడితే వచ్చేస్తాయనుకున్నాను, అనాటమీ నిజంగానే అలా గడిచిపోయింది కూడా. ఫిజియాలజీ మొదటి పరీక్షలో మాత్రం సగం మార్కులు కూడా రాలేదు. ఆ రాత్రి నర్సింగ్ నాకు రాసిపెట్టి లేదేమో అని చాలాసేపు ఏడ్చాను. తర్వాతి వారం ఈ కోర్సుకి డబ్బు కట్టాను.

ముందు కిడ్నీ చాప్టర్ గురించి చెప్పాలి, ఎందుకంటే నన్ను గట్టెక్కించింది అదే. టీచర్ భాగాల పేర్లతో మొదలుపెట్టరు. రెండు కిడ్నీలూ కలిసి రోజుకి దాదాపు 180 లీటర్లు వడకడతాయి, మూత్రంగా బయటికి వచ్చేది సుమారు లీటరున్నర, మరి మిగతాదంతా ఎటు పోయింది అని అడుగుతారు. అక్కణ్ణుంచి ఒక్క చుక్క వెంటే నెఫ్రాన్ (కిడ్నీలో వడకట్టే సన్నని గొట్టం) మొత్తం తిప్పుతారు. అంతా చేత్తో గీస్తూనే చెబుతారు, రెడీమేడ్ స్లైడ్లు లేవు. హెన్లే లూప్ (ఆ గొట్టంలో కిందికి దిగి మళ్ళీ పైకెక్కే భాగం) వంపు దగ్గర పెన్ను ఆపి, "ఇక్కణ్ణుంచి పైకెక్కేటప్పుడు నీళ్ళు బయటికి వెళ్తాయా?" అని అడిగి కాసేపు ఏమీ మాట్లాడరు. నేను మూడుసార్లు వెళ్తాయనే అన్నాను. వెళ్ళవు. కిందికి దిగేటప్పుడు నీళ్ళు పోతాయి, పైకెక్కేటప్పుడు ఉప్పు పోతుంది, దాంతో కిడ్నీ లోపలి భాగం బాగా ఉప్పగా తయారవుతుంది, చివర్లో ఏడీహెచ్ (ఒంట్లో నీళ్ళని నిలిపే హార్మోన్) దారి తెరిస్తే ఆ ఉప్పదనమే నీళ్ళని వెనక్కి లాగుతుంది. పుస్తకంలో ఇదే పేజీ ఎన్నిసార్లు చదివినా నా బుర్రకెక్కలేదు.

దీనితోపాటు పేర్లు లేని ఖాళీ నెఫ్రాన్ బొమ్మ ఒకటి ఇస్తారు, ప్రింట్ తీసుకుని బాణాలు మనమే గీయాలి. దయచేసి దీన్ని వదిలేయకండి. నా దగ్గర అలాంటి కాగితాలు పదకొండు ఉన్నాయి. మొదటిదాని మీద పైకెక్కే గొట్టం పక్కన నీళ్ళ బాణం పెట్టి, ఎర్ర పెన్నుతో కొట్టేసి, మళ్ళీ అదే తప్పు పెట్టి, మళ్ళీ కొట్టేసి కాగితం చిరిగేదాకా వచ్చింది. ఏడో కాగితం నుంచి కొట్టివేతలు లేవు.

నాడుల చాప్టర్ కూడా బాగుంది. కణం పొరలోని పంపు నెట్టేది సోడియం మూడు బయటికి, పొటాషియం రెండు లోపలికి, కణం లోపల మైనస్ 70 మిల్లీవోల్టులు, ఇవన్నీ నేను ఉత్త అంకెలుగానే గుర్తుపెట్టుకున్నాను. రక్తంలో పొటాషియం పెరిగితే ఆ మైనస్ 70 నిలబడదు, గుండె లయ తప్పుతుంది, అందుకే పొటాషియం ఇంజెక్షన్‌ని నేరుగా సిరలోకి ఎప్పుడూ నెట్టకూడదు, పలచన చేసి నెమ్మదిగా ఎక్కించాలి అని టీచర్ చెప్పినప్పుడు ఒళ్ళు జలదరించింది. రేపు ఆ సిరంజి పట్టుకునేది నా చెయ్యే కదా అనిపించింది. ఆ రోజు నుంచి ఈ సబ్జెక్టుని మార్కుల కోసం చదవలేదు.

ఇక బాగోలేనివి. కండరాల చాప్టర్ పరుగో పరుగు. కండరంలో మయోసిన్ అనే ప్రోటీన్ తల యాక్టిన్ అనే ఇంకో ప్రోటీన్‌ని వదలడానికే ఏటీపీ (కణానికి శక్తినిచ్చే పదార్థం) కావాలి, చనిపోయాక అది అయిపోయి శరీరం బిగుసుకుపోయేది అందుకే అన్న ముక్క అసలు చెప్పనే లేదు, నాకు క్లాసులో పక్కన కూర్చునే అమ్మాయి చెప్పింది. క్విజ్‌లన్నీ నాలుగు ఆప్షన్లలో ఒకటి ఎంచుకునేవే. వాటిలో నాకు దాదాపు అన్నీ కరెక్టే వచ్చేవి, పరీక్షలో "ఎందుకో వివరించండి" అంటే పెన్ను కదిలేది కాదు. చూసి గుర్తుపట్టడం వేరు, ఉత్త కాగితం మీద రాయడం వేరు, క్విజ్ మార్కులు చూసి ధైర్యపడితే దెబ్బతింటారు. డౌట్లకి ఒక్క రోజులో జవాబు అన్నారు, నాకు నాలుగో రోజు వచ్చింది, అప్పటికి పరీక్ష అయిపోయింది. దీనికి మాత్రం నాకు ఇంకా కోపంగానే ఉంది.

రెండోసారి రాసి పాసయ్యాను. ఫిజియాలజీ దగ్గర ఆగిపోయిన వాళ్ళు కిడ్నీ, నాడుల చాప్టర్ల కోసం ఒక నెలకి తీసుకోండి, ఆ రెండూ పూర్తిచేయడానికి నెల సరిపోతుంది. కండరాలకి వేరే దారి చూసుకోండి. ఆటో రెన్యువల్ మాత్రం చేరిన రోజే ఆపేయండి, ఆ బటన్ సెట్టింగ్స్‌లో బాగా లోపలికి వెళ్తేగానీ కనపడదు.