సెయింట్ మార్టిన్‌లో సీతాకోకచిలుకల ఫార్మ్ లేదు: పినెల్ మేలా, లోటరీ ఫార్మ్ మేలా?

అమెరికాలో సెలవులు దగ్గరపడి, మనవాళ్లు కరేబియన్ క్రూజ్‌లు బుక్ చేసుకోవడం మొదలెట్టగానే ఇదే ప్రశ్న వస్తుంది. "సెయింట్ మార్టిన్ ద్వీపంలో ఓడలాగే ఫిలిప్స్‌బర్గ్‌లో దిగుతాం, పిల్లలకి సీతాకోకచిలుకల ఫార్మ్ చూపిద్దామనుకుంటున్నాం, టికెట్లు ముందే తీసుకోవాలా?" అక్కర్లేదండీ, ఆ ఫార్మే లేదు. 2017 సెప్టెంబరు 6న ఇర్మా తుపాను గంటకి 290 కిలోమీటర్లు దాటిన గాలితో ఆ ద్వీపం మీదుగానే వెళ్లింది. ఇళ్ల కప్పులే ఎగిరిపోయినచోట వల కప్పిన తోట ఏం నిలుస్తుంది? మళ్లీ తెరవలేదు. పాత గైడు పుస్తకాల్లో పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

దాని బదులు ఏది చూడాలో తేల్చుకోవాలంటే, మనవాళ్లకి అదెందుకు నచ్చేదో ముందు చూడాలి. మార్ఫోలనే నీలం రెక్కల సీతాకోకచిలుకలు భుజం మీద వాలడం ఒకటి. రెండోది, నడక లేదు, నీడ ఉంది, గంటలో అయిపోతుంది. వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు, స్ట్రోలర్‌లో చంటిపిల్ల, అందరూ కలిసి చూసేయొచ్చు. ఆ రెండోదాన్నే నేను ఎక్కువగా పట్టించుకుంటాను.

ఎక్కువమంది లెక్కలోకి తీసుకోనిది దారి. ద్వీపం మొత్తం 87 చదరపు కిలోమీటర్లే. దక్షిణం డచ్చివాళ్లది, ఉత్తరం ఫ్రెంచివాళ్లది, మధ్యలో చెకింగ్ ఏమీ లేదు. మ్యాప్‌లో ఏది చూసినా పక్కనే అనిపిస్తుంది. ఉన్నవి మాత్రం ఇరుకు రోడ్లు. ఓడలు ఎక్కువ వచ్చిన రోజున పశ్చిమాన కోల్ బే, మారిగో ఊళ్ల వైపు ట్రాఫిక్ నత్తనడకే. సింప్సన్ బేలో పడవల కోసం వంతెన పైకి లేపితే ఆ చుట్టుపక్కలంతా ఆగిపోతుంది. ఓడ మాత్రం మన కోసం ఆగదు.

లోటరీ ఫార్మ్ పిక్ పారడీ కొండ వాలులో ఉంది. ద్వీపంలో అన్నిటికన్నా ఎత్తయిన కొండ అదే, 424 మీటర్లు. ఒకప్పటి చెరకు తోట ఇప్పుడు అడవిలా పెరిగిపోయింది. నడకదారులు, తీగకి వేలాడుతూ జారే జిప్‌లైన్, ఈతకొలను, తిండికి రెస్టారెంట్, అన్నీ ఉన్నాయి. టీనేజి పిల్లలుంటే మారు మాట్లాడకుండా అక్కడికే వెళ్లండి. కానీ దారి రాళ్లూ వేళ్లూ, వానపడితే జారుడు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కొలను పక్కన కూర్చుని మిగతావాళ్ల కోసం ఎదురుచూడాల్సిందే. ఖర్చు కూడా ఎక్కువ, ఒక్కోదానికీ విడివిడిగా కట్టాలి. ఫిలిప్స్‌బర్గ్ నుంచి వెళ్లే బళ్లు చాలావరకు మారిగో మీదుగానే పోతాయి. ఆ రోడ్డు సంగతి ఇందాకే చెప్పాను.

పినెల్ చిన్న దీవి. ఈశాన్యాన కుల్-డి-సాక్ రేవులో పడవెక్కితే పది నిమిషాలు కూడా పట్టదు. ఫిలిప్స్‌బర్గ్ నుంచి తూర్పుగా, డచ్ క్వార్టర్, ఓర్లియాన్స్ మీదుగా వెళ్లొచ్చు. పాత ఫార్మ్‌కి వెళ్లే దారీ ఇదే, మారిగో తగలదు. దీవి చుట్టూ సముద్రం రక్షిత ప్రాంతం. ముందువైపు నీళ్లు మోకాలి లోతులో చాలా దూరం ఉంటాయి. అలలు రావు, ఎందుకంటే ఆ బీచ్ పెద్ద ద్వీపం వైపు తిరిగి ఉంది. పెద్దవాళ్లు గొడుగు కింద కూర్చోవచ్చు. ఇగువానాలనే పెద్ద తొండలు మనం తినే టేబుళ్ల దాకా వచ్చేస్తాయి. పిల్లలు చిప్స్ వేయబోతే ఆపండి. ఇబ్బందల్లా పడవ ఎక్కడం, దిగడం. చెయ్యి పట్టుకునేవాళ్లుంటే ఫరవాలేదు. చివరి పడవ ఎన్నింటికో రేవులోనే అడిగి పెట్టుకోండి.

"సీతాకోకచిలుకలు కనిపిస్తాయా మరి?" మార్ఫోలు కనిపించవు. అవి ఆ ద్వీపానివి కావు. అక్కడ స్వేచ్ఛగా ఎగిరే సీతాకోకచిలుకల్లో మోనార్క్ అనే రకం ఉంది. దాన్ని వెతకడం తెలుగువాళ్లకి నేర్పక్కర్లేదు, ఎందుకంటే కరేబియన్ దీవుల్లో మన జిల్లేడు రోడ్ల వెంట, ఎండు నేలల్లో విరివిగా పెరుగుతుంది. మోనార్క్ గుడ్లు పెట్టే మొక్కల్లో అదొకటి. ఆకు తిప్పి చూడండి. అడుగున తెలుపు, నలుపు, పసుపు చారల మోనార్క్ గొంగళిపురుగు నములుతూ కనిపించొచ్చు. ఆకు కొరికినచోట పాలు కారుతుంటాయి. పాలు కంట్లో పడితే ప్రమాదమని పిల్లలకి చెప్పండి. వానలు పడ్డాక అయితే అవకాశం ఎక్కువ.

గాలియాన్ బీచ్ పాత ఫార్మ్ ఉన్న చోటికి దగ్గర్లోనే. లోతు తక్కువ, పసిపిల్లలకి బాగుంటుంది. కానీ తూర్పు గాలికి ఎదురుగా ఉంది కాబట్టి సర్గాసం నాచు కొట్టుకొస్తుంది. అది కుళ్లితే కోడిగుడ్డు కంపు, ముఖ్యంగా వేసవి నెలల్లో. రాక్‌లాండ్ ఎస్టేట్ జిప్‌లైన్ ఓడరేవుకి దగ్గరే, కాకపోతే అది సాహసం, ప్రకృతి కాదు. మాహో బీచ్‌లో నెత్తిమీంచి విమానం పోతుంది. దాన్ని ఈ లెక్కలోకి తేవడం లేదు.

నా మొగ్గు పినెల్ వైపే, ముఖ్యంగా మూడు తరాలూ కలిసి వెళ్తుంటే. అలా కాదు, రెక్కలు దగ్గర్నుంచి చూడాల్సిందే అని పిల్లలు పట్టుబడితే ఆ పని ద్వీపంలో పెట్టుకోకండి. ఫ్లోరిడాలో ఫోర్ట్ లాడర్‌డేల్ నుంచి ఓడెక్కేవాళ్లకి కోకోనట్ క్రీక్‌లో 1988 నుంచి నడుస్తున్న సీతాకోకచిలుకల తోట, బటర్‌ఫ్లై వరల్డ్, దగ్గర్లోనే ఉంది. ఒక రోజు ముందు చేరుకుని అది చూసేసి ఓడెక్కండి. ఓడ కీ వెస్ట్‌లో ఆగేదైతే డువాల్ వీధిలోనే అలాంటిదే మరొకటుంది.

టాక్సీలకి మీటరుండదు. ప్రభుత్వం కట్టిన రేట్లుంటాయి, ఎక్కేముందే మాట్లాడుకోండి. రెండు కుటుంబాలు కలిస్తే వ్యాన్ తీసుకుని రానూపోనూ ఒకే డ్రైవరుతో మాట్లాడుకోవడం మంచిది, కుల్-డి-సాక్‌లో తిరుగు బండి వెతుక్కునే పని తప్పుతుంది. ఓడ గడియారం, ద్వీపం గడియారం ఒక్కోసారి వేరుగా ఉంటాయి. డ్రైవరుకి ద్వీపం టైమే చెప్పండి.