డిక్కీలో సొరుగులు: రాత్రి బసను బట్టి కొలతలు, దారిని బట్టి చానెళ్లు

రోజుకో ఊళ్లో గది తీసుకుని, సూట్‌కేసు దించుకుని, పొద్దున్నే మళ్లీ ఎక్కించుకునే ప్రయాణానికి డిక్కీలో సొరుగులు శుద్ధ దండగ. రెండు ప్లాస్టిక్ డబ్బాలు, వాటిని కదలకుండా పట్టే రెండు బెల్టులు చాలు. గుడారం వేసుకునే మజిలీలకి, బండిలోనే పడుకునే రాత్రులకి సంగతి వేరు. వాన పడుతుండగా స్టవ్ కోసం సామానంతా నేల మీద పరవకుండా కాపాడేది సొరుగే. కాబట్టి టేపు చేతిలోకి తీసుకునే ముందే రాత్రి ఎక్కడ గడుస్తుందో తేల్చుకోవాలి. కొలతలన్నీ దాన్ని బట్టే మారతాయి.

బండిలో పడుకునే పనైతే మొదట చూడాల్సింది ఎత్తు. సొరుగుల పెట్టె 300 మి.మీ., దాని మీద పరుపు 75 మి.మీ. అనుకుందాం. లోపలి ఎత్తు 1000 మి.మీ. ఉన్న బండిలో మిగిలేది 625 మాత్రమే. పడుకోవచ్చు గానీ కూర్చోలేరు. పెద్దవాళ్లు నిటారుగా కూర్చోవాలంటే 900 మి.మీ. దాకా కావాలి. ఒక్క రాత్రికైతే సర్దుకుంటారు. ముసురు పట్టి రెండు రోజులు బండి దిగే వీల్లేకపోతే, వెల్లకిలా పడుకునే చొక్కా మార్చుకోవాలి. పెట్టెను 200 మి.మీ.కి దించితే సొరుగు లోతు 150కి పడిపోతుంది, పెద్ద గిన్నెలు పట్టవు. అయినా నిద్రే ముఖ్యమైతే తక్కువ ఎత్తు పెట్టే మేలు. గుడారంలో పడుకునేవాళ్లు 300 దాకా నిశ్చింతగా వెళ్లొచ్చు.

పడక పొడవు 1850 నుంచి 1900 మి.మీ. ఉండాలి. వెనక సీటు మడిచి, ముందు సీటు ముందుకు జరిపాక మధ్యలో ఒక గొయ్యి మిగులుతుంది. దాని మీదకి పియానో హింజ్‌తో, అంటే అంచు పొడుగునా సాగే పట్టీ లాంటి బందుతో, మడత పలక వేస్తారు. ఆ పలక అంచుకు సొంత కాలు ఉండాలి. మడిచిన సీటు మీద ఆనిస్తే స్పంజు కుంగి, పక్క ఏటవాలు అవుతుంది.

కొలిచేటప్పుడు అందరూ పప్పులో కాలేసేది డిక్కీ తలుపు దగ్గర. లోపల చక్రాల గూళ్ల మధ్య 1000 మి.మీ. ఉన్నా, తలుపు ద్వారం పై మూలల్లో, గొళ్లెం దగ్గర ఇరుకవుతుంది. మూసిన తలుపు లోపలి ప్లాస్టిక్ కూడా ఉబ్బెత్తుగా లోనికి వస్తుంది. సొరుగు ముఖానికీ దానికీ మధ్య కనీసం 20 మి.మీ. వదలాలి. పెట్టె అడుగు, ద్వారం గడప కంటే పైన ఉండాలి, లేకపోతే సొరుగు బయటికే రాదు. చెక్క కోసే ముందు అట్టపెట్టెల అట్టతో నిజమైన సైజులో నమూనా చేసి, లోపలికి దూర్చి, తలుపు మూసి చూడాలి. దూరకపోతే రెండు విడి పెట్టెలుగా చేసి లోపల కలిపి బిగించుకోవాలి.

లెక్క ఇలా నడుస్తుంది. బయటి కొలత 1000 వెడల్పు, 900 లోతు, 300 ఎత్తు అనుకుందాం. 12 మి.మీ. ప్లైవుడ్‌తో రెండు పక్కలు, ఒక నడిమి గోడ, మొత్తం 36 మి.మీ. పోతే 964. ఒక్కో సొరుగు నోరు 482. సొరుగు జారే ఇనుప పట్టాలే చానెళ్లు. భారీ చానెల్ ఒక్కోటి 19 మి.మీ. మందం, రెండు వైపులా 38. అంటే సొరుగు బయటి వెడల్పు 444, లోపల 420. మామూలు 12.7 మి.మీ. చానెల్ అయితే బయటి వెడల్పు 456 వస్తుంది. కాబట్టి చానెల్ చేతికొచ్చి, కాలిపర్‌తో (మందం కచ్చితంగా కొలిచే పనిముట్టు) కొలిచాకే సొరుగు కోయాలి. సొరుగు ఒక మి.మీ. తక్కువైతే చానెల్ వెనక వాషర్ పెట్టి సర్దొచ్చు, ఎక్కువైతే విప్పి మళ్లీ చేయాల్సిందే. లోపల కార్పెట్ అంటించే ఆలోచన ఉంటే దాని మందం 3 నుంచి 6 మి.మీ. ముందే లెక్కలో వేసుకోవాలి.

ఈ కొలతకి 2440 × 1220 షీట్లు రెండు సరిపోతాయి. బర్చ్ చెట్టు చెక్కతో చేసిన ప్లై 12 మి.మీ. షీటు 24 కేజీల చిల్లర, 18 మి.మీ.ది 36. పనిలో పడే చెక్క 40 కేజీలు, రెండు జతల భారీ చానెళ్లు 15 కేజీల దాకా. అంతా కలిపి 55, అదీ ఖాళీగా ఉన్నప్పుడు. గట్టిగా ఉంటుందని 18 మి.మీ. ఎంచుకుంటే చెక్కే 60 కేజీలు అవుతుంది. నడిమి గోడ ఉన్నచోట పై పలకకి ఆధారం లేని వెడల్పు 480 మి.మీ. మాత్రమే కాబట్టి 12 మి.మీ. మీద మనిషి పడుకున్నా వంగదు. మందం మోజు వదులుకోవడమే మంచిది. జోడింపులకి నీళ్లకి తట్టుకునే చెక్క జిగురు, 4 × 40 స్క్రూలు, ముందుగా 3 మి.మీ. రంధ్రం. సొరుగు అడుగు పలకను గాడిలో కూర్చోబెట్టాలి. కింది నుంచి స్క్రూలు కొట్టి వదిలేస్తే, గతుకుల్లో బరువంతా ఆ స్క్రూల మీదే వేలాడుతుంది.

చానెళ్ల మీద రాసి ఉండే బరువును గుడ్డిగా నమ్మకూడదు. 227 కేజీలు అని ఉంటే అది జతకి, ఒక నిర్ణీత పొడవుకి, సొరుగు పక్కన నిలువుగా బిగించినప్పటి లెక్క. వెడల్పు ఆదా చేద్దామని చానెల్‌ను సొరుగు కిందకి పడుకోబెట్టి బిగిస్తే, చాలా రకాల్లో అది నాలుగో వంతుకి పడిపోతుంది. పైగా అది ఇంట్లో కదలని అలమరా లెక్క. మూసినప్పుడూ, పూర్తిగా తెరిచినప్పుడూ రెండుచోట్లా లాక్ పడే రకమే కొనాలి. వాలులో నిలిపిన బండిలో లాక్ లేని సొరుగు వేళ్ల మీదే మూసుకుంటుంది.

దారిని బట్టి వీటి నడత మారుతుంది. తారు రోడ్ల మీద, ఘాట్ మలుపుల్లో ఏ చానెలైనా ఊరుకుంటుంది. అసలు పరీక్ష అలలు అలలుగా గట్టిపడిన మట్టి రోడ్డు మీద. సన్నటి అదురు గంటల తరబడి సాగితే స్క్రూ తన రంధ్రాన్ని తానే అరగదీసుకుంటుంది. స్క్రూ కింద పసుపుపచ్చని చెక్కపొడి సన్నగా రాలి కనిపిస్తే అది వదులవుతున్నట్టే. చానెళ్లను స్క్రూలతో కాక, చెక్కకి ఆ పక్క నుంచి దూసుకొచ్చే బోల్టు, నైలాక్ నట్టుతో (లోపలి నైలాన్ వలయం వల్ల వదులవని నట్టు) బిగిస్తే ఈ బాధ ఉండదు. దుమ్ము ఇంకో శత్రువు. చానెల్‌కి గ్రీజు పూస్తే దుమ్ముతో కలిసి బూడిదరంగు ముద్దయి, చానెల్ లోపలి బేరింగు బాల్స్‌ని సానరాయిలా అరగదీస్తుంది. గ్రీజు తుడిచేసి, ఆరిపోయే రకం సిలికోన్ స్ప్రే వాడాలి. సొరుగులో 25 కేజీలు మించకపోతే అసలు బేరింగులే లేకుండా, జారుడు పాలిథీన్ పట్టీల మీద నడిపించొచ్చు. లాగడం కాస్త బరువు, కానీ చెడిపోయేది ఏమీ లేదు. ఇసుక దారులకి ఆ పద్ధతే బాగుంటుంది.

ఇక బిగింపు. 60 కేజీల సొరుగు 900 మి.మీ. బయటికి లాగితే దాని బరువు నోటికి 450 మి.మీ. అవతల పడుతుంది. ఖాళీ పెట్టె నేలకి కట్టి లేకపోతే డిక్కీ తలుపు వైపుకి తిరగబడుతుంది. అంతకన్నా ప్రమాదం ఢీకొన్నప్పుడు. గంటకి 50 కి.మీ. వేగంలో ఉన్న బండి అర మీటరులో ఆగితే గురుత్వానికి 20 రెట్లు. సామానుతో 155 కేజీలున్న పెట్టె మూడు టన్నుల బలంతో ముందుకు నెడుతుంది. 8.8 గ్రేడ్ (గట్టి ఉక్కు రకం) ఎం8, అంటే 8 మి.మీ. బోల్టు ఒక్కోటి రెండు టన్నుల లాగుడుకి తట్టుకుంటుంది. చిరిగేది బోల్టు దూరిన చెక్క. అందుకే నాలుగు మూలలా 3 మి.మీ. ఇనుప యాంగిల్ వేసి, దాని మీదుగా బోల్టు వేయాలి. కంపెనీ ఇచ్చిన లోడు కొక్కేలు, తీసేసిన సీటు బోల్టు రంధ్రాలు వాడుకోవచ్చు, కొక్కేల పరిమితి మాన్యువల్‌లో చూసుకుని. సీటు బెల్టు బోల్టుల జోలికి మాత్రం వెళ్లొద్దు. చాలా బండ్లలో వాటి మర 7/16 అంగుళాల యూఎన్‌ఎఫ్ (అంగుళాల లెక్కలో సన్న మర), ఎం10 వేస్తే పట్టదు, ఎం12 దూర్చితే మర పాడవుతుంది. నేలకి కొత్త రంధ్రం వేయాల్సి వస్తే ముందు బండి కిందికి దూరి చూడాలి. పెట్రోలు ట్యాంకు, బ్రేకు పైపు, వైర్లు అక్కడే ఉంటాయి.

ఎవరిచేత చేయించాలన్నది మరో చర్చ. ఇంటి వడ్రంగి కోత, అతుకు శుభ్రంగా చేస్తాడు. కానీ అతని అలవాటు గోడకి ఆనిన అలమరా. బిగింపు వివరాలు కాగితం మీద గీసి ఇవ్వకపోతే లామినేట్ మెరుస్తుంది, బోల్టు ఉండదు. వెల్డింగ్ షాపువాళ్లది దీనికి తలకిందులు. చట్రం ఏనుగెక్కినా కదలదు, బరువు రెట్టింపవుతుంది. రెడీమేడ్ సెట్లలో గొళ్లేలు, దుమ్ము రబ్బర్లు చక్కగా కుదురుతాయి, బండి అమ్మితే తీసి పెట్టుకోవచ్చు. మీ పొయ్యికి తగ్గ కొలత మాత్రం వాటిలో దొరకదు. కోత యంత్రం మీద కోయించుకుని ఇంట్లో కలుపుకునే మార్గం మధ్యస్థం. పని మొదటిసారి చేసేవాళ్లకి అదే నయం. సీట్లు పూర్తిగా తీసేయాల్సి వస్తే రిజిస్ట్రేషన్, బీమా నియమాలు ముందే కనుక్కోవాలి.

సర్దేటప్పుడు బరువైనవి వెనక ఇరుసుకి దగ్గరగా, అడుగున. నీళ్ల డబ్బా తలుపు పక్కన పెడితే వెనక స్ప్రింగులు కుంగి హెడ్‌లైట్లు ఆకాశం చూస్తాయి. టైర్లలో గాలి, డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కర్ మీద నిండు లోడుకి రాసిన అంకెకి పెంచాలి. గ్యాస్ డబ్బాలు మూసిన సొరుగులో పెట్టొద్దు. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, కారితే అడుగునే నిలుస్తుంది.

మొదటి 200 కి.మీ. తర్వాత ఒకసారి, మట్టి రోడ్డు దాటిన ప్రతిసారీ మళ్లీ బోల్టులన్నీ స్పానర్‌తో పట్టి చూడాలి. బిగించాక ప్రతి నట్టు మీద పెయింటుతో అడ్డగీత గీసి ఉంచితే, తిరిగినది చూడగానే తెలుస్తుంది. జాకీ, స్పానర్ సొరుగుల వెనక కాక పక్క గూట్లో ఉండాలి. స్పేర్ టైరు డిక్కీ నేల కింద ఉండే బండి అయితే, పెట్టె బిగించాక టైరు బయటికి లాగే పని ఇంటి దగ్గరే చేసి చూడాలి.